చలి దినములలో రైతు ఆరోగ్యము

సార్వా కుప్పలు నూర్చుట, దాళ్వా నారుమళ్ళు పోయుట, ఈ రెండు పనులును మన గోదావరి డెల్టాలో డిసెంబరు, జనవరి నెలలలోనే వచ్చును. చలియు ఆ నెలలలోనే వచ్చును. నిజమునకు మన చలి గొప్పది కాదు. రాజమహేంద్రవరము, భీమవరము, అమలాపురము ప్రాంతములలో రాత్రి ఉష్ణము సాధారణముగా 18, 20 డిగ్రీల దగ్గర ఉండును. ఏ కొద్ది రాత్రులలోనో అంతకు దిగువకు పోవును. ఈ మాత్రము చలికే ఇంటింట దగ్గు, ఆయాసము, కాళ్ళ పుండ్లు కనబడుట ఎందువలన? ఆ దినములలో మన పనిలోని దుమ్ము, నీరు, మనము కాచుకొను మంటలోని పొగ చలితో కలియుటచే చేటు కలుగుచున్నది. చలిని మనము ఆపజాలము గాని ఈ మూడింటి విషయమున చేయదగినది చాలా ఉన్నది.

మొదట దుమ్ము. నూర్పిడిలో లేచు నూగు, దుమ్ము ఎవరికైనను ముక్కు కారించును, దగ్గు తెప్పించును. అంతకంటె చెడ్డది బూజు పట్టిన గడ్డి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినపుడు మన జిల్లాలలో ఎందరివో పనలు చేలలోనే నానిపోయినవి. అట్టి గడ్డిని పూర్తిగా ఆరకముందే మేటు వేసినచో లోపల వేడెక్కి బూజు పట్టును. పశువులకు గడ్డి దూయునపుడు పొగవలె తెల్లగా లేచునది ఆ బూజు పొడియే. అది మిక్కిలి సన్ననిది. ఊపిరితిత్తుల అడుగు వరకు పోవును. గడ్డి దూసిన 4 మొదలు 8 గంటలలో వణుకుతో జ్వరము, పొడి దగ్గు, ఆయాసము వచ్చి, ఒకటి రెండు దినములలో తగ్గిపోవును. అందుచే దానిని అందరును చలి జ్వరమని అనుకొందురు. గడ్డి ముట్టిన ప్రతిసారియు ఇట్లే వచ్చుచున్నచో అది చలి జ్వరము కాదని గ్రహింపవలెను. సంవత్సరముల తరబడి ఇట్లే జరిగినచో ఊపిరితిత్తులు గట్టిపడును. ఆ చెడిన భాగము మరల బాగుపడదు.

కావున గడ్డిని బాగుగా ఎండనిచ్చి, ఎత్తైన చోట, వాన నీరు జారిపోవునట్లు మేటు వేయవలెను. బూజు పట్టిన కట్టలను సావిడిలో విప్పరాదు. బయట, గాలి మీ వీపు వైపునుండి వీచునట్లు నిలబడి విప్పి, దూరముగా వేయవలెను. వానిని పశువులకు మేపరాదు. మూతికి తువాలు చుట్టుకొన్నంత మాత్రమున ఈ పొడి ఆగదు. కరోనా దినములలో వాడిన ఎన్ 95 ముసుగు దీనికి పనికివచ్చును. ఉబ్బసము గలవారిని ఈ పనికి పంపనే కూడదు. వైద్యుని వద్దకు పోయినపుడు గడ్డి సంగతి మీరే చెప్పవలెను. చెప్పనిచో ఆయనకు తెలియు మార్గము లేదు.

ఇక నీరు. నారుమడిలో రాత్రి చల్లబడిన నీటిని ఉదయము తీసివేసి కొత్త నీరు పెట్టుమని మేము చెప్పుదుము. దీనికై చీకటితో మడిలో దిగనక్కరలేదు. సూర్యోదయమైన పిదప చేసిన చాలును. నారు పీకువారి కాలి వేళ్ళ సందులు నాని ఒరుసుకొనిపోవును, మడమలు పగులును. రబ్బరు బూట్లు గట్ల మీద బాగుగానే ఉండును గాని బురదలో దిగబడును. వానిని తొడుగుమని చెప్పి ప్రయోజనము లేదు. మడి విడిచిన వెంటనే మంచినీటితో కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడిచి, పడుకొనుటకు ముందు మడమలకు కొబ్బరినూనె రాయవలెను. లోతైన పగుళ్ళలో బురద చేరినచో ధనుర్వాతము భయమున్నది. ఆ టీకా వేయించుకొని 10 సంవత్సరములు దాటినవారు మరల వేయించుకొనవలెను. మధుమేహము గలవారికి కాలి స్పర్శ తగ్గియుండును. వారు ప్రతి రాత్రియు అరికాళ్ళు చూచుకొనవలెను, మంట దగ్గర కాళ్ళు కాచుకొనరాదు.

అన్నిటికంటె ప్రాణాపాయకరమైనది కుంపటి. తలుపులు, కిటికీలు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించువారు నిద్రలోనే మరణించుట కలదు. నిప్పుకు చాలినంత గాలి అందనపుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో అది రక్తమునకు అంటుకొనును. పొగ కనబడలేదు గనుక భయము లేదనుకొనుట పొరపాటు. బాగుగా రాజిన బొగ్గులనుండియు అది వచ్చును. అనపర్తి, తణుకు వైపు కోళ్ళ ఫారములలో పిల్లల వెచ్చదనము కొరకు బొగ్గులు పెట్టి పరదాలు దించు షెడ్లలో పనివారు పడుకొనరాదు, యజమానులు పడుకొననీయరాదు. కుంపటి ఉన్న గదిలో తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట కలిగినచో వెంటనే అందరును బయటికి రావలెను. పడకకు ముందే కుంపటిని ఆరుబయట పెట్టి, దుప్పటి మరియొకటి కప్పుకొనుట మేలు.

చలికి రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. పోటు ఉన్న పెద్దలు మంచులో చేనికి బయలుదేరక ఎండ వచ్చువరకు ఆగవలెను, మందు మానరాదు. మూతి వంకర పోయినను, ఒక చేయి పడిపోయినను, మాట తడబడినను 108కి ఫోను చేయవలెను. గడ్డకట్టిన రక్తమును కరిగించు సూదిమందు నాలుగున్నర గంటల లోపలనే పని చేయును. నాటు మందులతో ఆ సమయము పోగొట్టరాదు.

సామాన్యమైన జలుబు వైరస్ వలన వచ్చును. దానికి యాంటీబయాటిక్ బిళ్ళలు పని చేయవు. దుకాణములో అడిగి కొని మ్రింగుట డబ్బు దండుగ. విశ్రాంతి, వేడి ద్రవములు చాలును. చలి దగ్గు అనుకొన్నది 2 వారములు దాటినను తగ్గనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కళ్ళె పరీక్ష చేయించవలెను. క్షయకు అక్కడ పరీక్షయు, మందులును ఉచితము.