'ఏమొస్తుంది?', 'నీకెందుకు?'
రాసేవాళ్ల ఇంట్లో వినిపించే ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు

సూరత్ శివార్లలోని గోడాదరాలో తెలుగు మాట కోసం చెవులు రిక్కించనక్కర్లేదు. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలు లింబాయత్‌తో పాటు ఈ ప్రాంతాన్నీ తమ ఊరు చేసుకున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా పెట్టింది. సాంచాల మీద 12 గంటల షిఫ్టు. ఇంటి దగ్గర ఆడవాళ్లకు చీరలకు లేసులు, చమ్కీలు కుట్టే పని. కూలి మీటరు లెక్కనో చీర లెక్కనో వస్తుంది. అలాంటి ఒంటిగది ఇంట్లో ఎవరైనా కథ రాస్తానని కూర్చుంటే, 'దీంతో ఏమొస్తుంది?' అని పక్కనున్న మనిషి అడగడంలో వింతేమీ లేదు. కొత్తగా రాస్తున్నవారికి మాత్రం ఏ సంపాదకుడి తిరస్కారం కన్నా ఆ ప్రశ్నే గట్టిగా తగులుతుంది.

ఇదే ఊళ్లో ఆ ప్రశ్న అడిగే హక్కు నిండుగా ఉన్న భార్య ఒకామె ఉండేది. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడిగా పేరొందిన సూరత్ కవి నర్మద్ (1833-86), ఇక కలాన్నే నమ్ముకుంటానని 1858లో పంతులు ఉద్యోగం వదిలేశారు. 24 ఏళ్లు అప్పులతో నెట్టుకొచ్చి, చివరికి 1882లో బొంబాయిలో కొలువుకు కుదరక తప్పలేదు. గుజరాత్ ఆ ప్రతిజ్ఞను గర్వంగా తలచుకుంటుంది. ఆ అప్పుల సంసారాన్ని మోసిన డాహీగౌరిని అంతగా తలచుకోదు. ఆమె ఇంట్లో ఉండగానే 1869లో ఆయన ఒక వితంతువును పెళ్లాడారు. సంస్కర్తగా అది సాహసమే కావచ్చు. కానీ ఆ ఇంట్లో తోడు కరువైంది రాసే మనిషికి మాత్రం కాదు.

'ఏమొస్తుంది?' అన్నది అద్దె గురించీ బియ్యం గురించీ అడిగే ప్రశ్న. దానికి ఎంతో కొంత బదులు చెప్పుకోవచ్చు. వారానికి రెండు పూటలు నాకు, మిగతావి ఇంటికి అని బేరం కుదుర్చుకోవచ్చు. భాగస్వామి ఒక్క వాక్యం చదవకపోయినా ఫర్వాలేదు, పిల్లాణ్ని ఓ గంట బయటికి తీసుకెళితే చాలు. (చదివి చప్పట్లు కొట్టి, ఆ గంట మాత్రం ఇవ్వనివారూ ఉంటారు.) 'నీకెందుకు?' అన్న ప్రశ్నకు బేరం లేదు.

తెలుగులో ఆ రెండో ప్రశ్న మధ్యే బతికిన రచయిత్రి భండారు అచ్చమాంబ (1874-1905). ఆరేళ్లకే పెళ్లయింది. భర్త మాధవరావు ఉద్యోగం వల్ల మధ్యపరగణాల్లో కాపురం. ఆయనకు ఆడవాళ్ల చదువు గిట్టదు. అక్క ఇంట్లో ఉండి చదువుకున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావే ఆమెకు చదువు చెప్పారు. తర్వాతి కాలంలో తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నది ఆయనే. తమ్ముడు పెట్టిన అక్షరాలతో ఆమె మరికొన్ని భాషలు పట్టుకున్నారు. కన్న బిడ్డలు దక్కలేదు. అయినా స్త్రీల జీవిత చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు, 1902లో బందరులో మరికొందరితో కలిసి స్త్రీ సమాజం స్థాపించారు. ముప్ఫై ఏళ్లకే కన్నుమూశారు.

ఆమెకు భర్త ఇవ్వనిది తమ్ముడు ఇచ్చాడు. అలాంటి రెండో మనిషి అందరికీ ఇంట్లోనే దొరకడు. గోడాదరాలో రాయాలనుకునే అమ్మాయికి ఆ మనిషి బడిలో తెలుగు చెప్పిన పంతులమ్మ కావచ్చు, పక్క గదిలోని స్నేహితురాలు కావచ్చు. మొగుడో ప్రేమించినవాడో మారేదాకా కలం పక్కన పెట్టమని సలహా ఇచ్చేవారికి అచ్చమాంబ ఆయుర్దాయం ఎంతో గుర్తుచేయాలి.

1902లో ఆమె 'స్త్రీవిద్య' అనే కథ రాశారు. అందులో భార్య చదువెందుకని అడుగుతుంది. నేర్చుకోమని నచ్చజెప్పేది భర్త.