వేసవి సెలవులలో మన పిల్లలకు గ్రంథాలయము

యాసంగి వరికోతలు ముగిసి ధాన్యము కొనుగోలు కేంద్రములకు చేరుచున్న దినములలోనే బడులకు వేసవి సెలవులు వచ్చును. ఏప్రిల్ నాల్గవ వారము మొదలు జూన్ రెండవ వారము వరకు, అనగా నెలన్నరకు పైగా, ఎనిమిది మొదలు పది తరగతుల వరకు చదువుచున్న మన బాలబాలికలు ఇంటిపట్టుననే యుందురు. చెన్నూరు ప్రాంతమున ఆ దినములలో ఎండ 45 డిగ్రీలకు చేరుట అరుదు కాదు. తునికాకునకు పోవువారు తెల్లవారకమునుపే తల్లిదండ్రులతో అడవికి పోదురు. ఏబదేసి ఆకులు కట్టలుగా గట్టి కల్లమున అప్పగించువరకు వారికి తీరిక యుండదు. తక్కినవారు నీడపట్టున చేతి ఫోను చూచుచు ప్రొద్దు పుచ్చుదురు. మడుగులలో ఈతకు దిగి ప్రాణములు గోల్పోవు పిల్లల వార్తలు ప్రతి వేసవియందును ఎక్కడనో ఒకచోట వినుచునే యున్నాము.

సెలవులలో చదువు ఆగిన నష్టమేమని కొందరు సభ్యులు ప్రశ్నింపవచ్చును. అమెరికా దేశమున అట్లాంటా నగరమున బార్బరా హేన్స్ అను విదుషి ఆరు, ఏడు తరగతుల పిల్లలు సుమారు 3000 మందిని పరిశీలించి 1978లో ఒక గ్రంథము ప్రకటించిరి. బడి నడచు దినములలో పేద పిల్లలును కలవారి పిల్లలును ఇంచుమించుగా కలిసి నడచుచుండగా, వెనుకబాటు ముఖ్యముగా వేసవిలోనే పెరుగుచున్నదని ఆమె కనుగొనిరి. ఆ వెనుకబాటును తగ్గించు వానిలో వేసవిలో చదివిన పుస్తకముల సంఖ్య ముఖ్యమైనదిగా తేలెను. గ్రంథాలయము ఇంటికి దగ్గరనున్న పిల్లలు ఎక్కువగా చదివిరనియు తెలియవచ్చినది. ఈ తుదిమాటను చదువరులు గుర్తుంచుకొనవలెను; దీనితో మనకు పని యున్నది.

గ్రంథాలయము సర్కారువారి దయాధర్మమని మనలో పెక్కురు తలంచుచున్నారు. అది సరికాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము చెల్లించు ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరియున్నది. ఆ సొమ్ముతోనే జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖా గ్రంథాలయములను నడుపవలెను. గ్రామపంచాయతీలు, పురపాలక సంఘములు వసూలు చేసిన సొమ్ము సంస్థకు చేరుటలో ఆలస్యమగుచున్నదని పలు జిల్లాలలో వినబడుచునే యున్నది. పన్ను రసీదు చేతనున్న రైతు గ్రంథాలయపు మెట్టెక్కి తన పిల్లకు పుస్తకమేదని అడుగుటలో సంకోచింపవలసినది లేదు. సంఘములో వాటా ధనము చెల్లించిన సభ్యుడు లెక్క అడుగుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

ఈ హక్కు మన పెద్దలకు ఊరక రాలేదు. హైదరాబాదు నగరమున 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము స్థాపింపబడెను; 1904లో హనుమకొండయందు రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసెను. నైజాము ప్రభుత్వమున సభ జరుపుటకు సైతము ముందుగా అనుమతి కావలసిన కాలమున, పల్లెలలో పుస్తకశాల పెట్టుట అనుమానమునకు తావిచ్చు పనిగా నుండెను. వట్టికోట ఆళ్వారుస్వామిగారు బాల్యమున ఒక ఉపాధ్యాయుని యింట పనిచేయుచు చదువు నేర్చిరి. పిమ్మట భోజనశాలలో పనిచేసిరి. ఆయనయే 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. చదువుకొనుటకు తీరికలేని యింట పుట్టిన బాలునికి పుస్తకము ఏమి చేయగలదో ఆయన చరిత్రమే చెప్పును.

ఇక వేసవిలో గ్రంథాలయమున జరుగవలసిన దేమి? పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయసు చిత్రమైనది. పసిపిల్లల బొమ్మల పుస్తకమిచ్చిన వారికి నామోషి. పెద్దల ఉద్గ్రంథమిచ్చిన నిద్ర. నీతులు మాత్రమే చెప్పు పుస్తకములిచ్చి పిల్లలు చదువుటలేదని నిందించుట కొందరు పెద్దలకు అలవాటు. మనము చిన్ననాడు చందమామను ఏ నీతికొరకు చదివితిమి? కథకొరకే గదా! కథలు, సాహస యాత్రలు, క్రీడాకారుల జీవితములు, పశువైద్యము, మోటారు మరమ్మతు, ఏది కోరిన అది తీసికొననిండు. మొదటి పదిదినములు ఏమి చదువుచున్నారని అడుగకుండుటే మేలు.

వేళలను గూర్చియు ఒక మాట. శాఖా గ్రంథాలయములు పెక్కు ఉదయము కొంతసేపు, సాయంకాలము కొంతసేపు తెరచి మధ్యాహ్నము మూయుదురు. పిల్లలకు తీరికయు, ఎండబాధయు కలుగునది ఆ మధ్యాహ్నమే. ఒక పంకా, ఒక మంచినీళ్ల కుండ ఏర్పరచి, మే మాసమున మాత్రము ఆ వేళ తెరచియుంచుడని కోరవలెను. మరియు పఠనశాలలు ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులతోను, పత్రికలు చదువు పెద్దలతోను నిండియుండుటచే బాలికలు గుమ్మము దాటుటకు వెనుదీయుచున్నారు. వారమునకు రెండు పూటలు బాలికలకే ప్రత్యేకించిన యెడల తల్లులు ధైర్యముగా పంపగలరు. ఇది చిన్న యేర్పాటే గాని, దీనివలన కలుగు మార్పు పెద్దది.

చదువుటతోపాటు చేయుటకును పని యుండవలెను. గోదావరి మన చెన్నూరు వద్ద ఉత్తరముగా తిరిగి ప్రవహించుచున్నది. ఆగ్నేయముగా పోవు నది ఇచ్చట ఏల మరలినదో భూగోళ గ్రంథములలో వెదకి, పటము గీయుమని పిల్లలతో చెప్పవచ్చును. అంతకన్న ముఖ్యమైన పని ఒకటి గలదు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన గోదావరి వరదలు ఏ యింటి గోడవరకు వచ్చెనో, ఏ చేను ఎన్నిదినములు మునిగెనో, అన్నారము ఆనకట్ట వెనుకనీరు ఏ వానలో ఏ మడివరకు ప్రాకెనో మన వృద్ధులకు నోటిలెక్కగా తెలియును. వ్రాసి యుంచినవారు అరుదు. బాలబాలికలు జతలుగా పోయి, తాతలను అవ్వలను అడిగి, తేదీ, చేను పేరు, పంట, నష్టము ఒక నోటుపుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచినచో, రేపు పంటనష్టమునకై దరఖాస్తు పెట్టు రైతునకు అది ఎంత అక్కరకు వచ్చునో వేరుగ చెప్పనేల?

ఊళ్లు దూరముగదా, పిల్లలెట్లు పోదురనునది తరువాతి చిక్కు. ఇది వెనుకటివారికిని ఎదురైనదే. 1931లో తమిళదేశమున మన్నారుగుడి ప్రాంతమున కనకసభైపిళ్లగారు ఎడ్లబండిపై పుస్తకములు పల్లెలకు పంపిరి. గుంటూరు జిల్లా పెదపాలెమున పాతూరి నాగభూషణముగారును వారి సహచరులును 1935లో కాలువపై పడవ గ్రంథాలయము నడపిరి. మనకు పడవ అక్కరలేదు. ఎరువుల బస్తాలు తెచ్చు ట్రాక్టరులోనే ఒక పుస్తకముల పెట్టెయు రాగలదు. సంఘపు గిడ్డంగిలో ఒక మూల చాలును. ఊళ్లలో పుస్తక నిక్షిప్త కేంద్రములు నెలకొల్పు పద్ధతి గ్రంథాలయ సంస్థలలో నున్నదే, అడుగువారే తక్కువ.

కావున రాబోవు మహాజనసభలో ఈ విషయము చర్చకు రావలెను. వేసవికి ముందే, ఫిబ్రవరి లోపల, తీర్మానముచేసి దాని నకలును చెన్నూరు గ్రంథపాలకునికిని జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికిని పంపినచో, ఏప్రిల్ నాటికి పెట్టె వచ్చుటకు వ్యవధి యుండును. పోయిన పుస్తకములకు పూచీ ఎవరిదో ముందే తేల్చుకొనవలెను. సంఘమే వహించుట మేలని మా యభిప్రాయము, ఏలనన తండ్రిపై పూచీ పెట్టినచో ఆయన పుస్తకమునే ఇంటికి రానీయడు. పెట్టె తాళము ఎవరివద్ద నుండవలెనో కూడ తీర్మానముననే వ్రాయుడు. పదవ తరగతి పరీక్ష వ్రాసి ఫలితమునకై వేచియున్న బాలిక ఊరిలో నున్నచో ఆమెకిచ్చుడు. ఇచ్చి పుచ్చుకొన్న పుస్తకముల చిట్టా ఆమెయే వ్రాయగలదు.