మీ స్పామ్ ఫిల్టర్ అసలు మెయిల్‌ని మింగేస్తోందా?

గత ఎపిసోడ్‌లో చిన్న కంపెనీకి సొంత మెయిల్ సర్వర్ పెట్టుకోవడం చూశాం కదా. దాని కింద చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, సర్వర్ నడుస్తోంది కానీ స్పామ్ తట్టుకోలేకపోతున్నాం." ఈ రోజు అదే మాట్లాడుకుందాం. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తా.

బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగం పటాన్‌చెరు దగ్గర ఒక చిన్న కంపెనీలో. మొత్తం 30 మెయిల్‌బాక్సులు. పొద్దున్నే లాటరీ మెయిళ్లు, లోన్ మెయిళ్లు చూసి మా సార్‌కి చిరాకు. "ఏం బాబూ, నువ్వుండి కూడా ఇదేనా?" అన్నారు. నాకు రోషం వచ్చింది. స్పామ్‌అసాసిన్‌లో ఒక మెయిల్‌ని స్పామ్ అని తేల్చే హద్దు మామూలుగా 5 పాయింట్లు. దాన్ని 3కి దించేశా. అక్కడితో ఆగానా? హద్దు దాటిన ప్రతి మెయిల్‌నీ డిలీట్ చేసెయ్యమని రూల్ కూడా రాశా. వారం రోజులు ఇన్‌బాక్సులన్నీ శుభ్రం. సార్ ఫుల్ హ్యాపీ.

తర్వాత ఒక పాత కస్టమర్ ఫోన్ చేశారు. "పర్చేజ్ ఆర్డర్ పంపి నాలుగు రోజులైంది, మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. వేరేవాళ్లకి ఇచ్చేశాం." లాగ్ తీసి చూస్తే ఆ మెయిల్‌కి 3.4 పాయింట్లు. నా రూలే దాన్ని మింగేసింది!

అప్పుడు అర్థమైంది. పది స్పామ్‌లు లోపలికి వస్తే పది సెకన్ల చిరాకు. ఒక్క అసలు మెయిల్ పోతే వ్యాపారమే పోతుంది. అందుకే నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, మెయిల్‌ని మాయం చేయకండి. కొరియర్ అబ్బాయి వచ్చాడనుకోండి. గేటు దగ్గరే వద్దంటే పార్సెల్ వెనక్కి వెళ్తుంది, పంపినవాళ్లకి తెలుస్తుంది. సంతకం పెట్టి తీసుకుని చెత్తబుట్టలో వేస్తే? ఎవరికీ తెలియదు. నేను చేసింది అదే. పోస్ట్‌ఫిక్స్‌కి ఆర్‌స్పామ్‌డీని మిల్టర్‌గా కలిపితే, మెయిల్‌ని ఒప్పుకోకముందే స్కోరు చూసి 5తో మొదలయ్యే కోడ్‌తో వద్దనొచ్చు. ఒకసారి తీసుకున్నాక మాత్రం "వద్దు" అని మళ్లీ మెయిల్ పంపకండి. స్పామ్‌లో పంపినవాళ్ల అడ్రస్ చాలాసార్లు దొంగది, మీ జవాబు ఎవరో అమాయకుడికి వెళ్తుంది.

రెండు, ఒకే హద్దు కాదు, మెట్లు పెట్టండి. ఆర్‌స్పామ్‌డీ డిఫాల్ట్‌గానే అలా వస్తుంది. 4 దాటితే గ్రేలిస్ట్, అంటే "కాసేపాగి రండి" అంటుంది. అసలైన సర్వర్ మళ్లీ వస్తుంది, స్పామ్ పంపే ప్రోగ్రాములు చాలావరకు రావు. కాకపోతే ఓటీపీ మెయిళ్లు లేటవ్వచ్చు, చూసుకోండి. 6 దాటితే హెడర్‌లో గుర్తు వేస్తుంది, దాన్ని చూసి మెయిల్‌ని జంక్ ఫోల్డర్‌లోకి పంపే రూల్ మీరు రాసుకోవాలి. 15 దాటితేనే తిరస్కరణ. మొదటి నెల ఈ నంబర్లు ముట్టుకోకండి, లాగ్ మాత్రం చదవండి.

మూడు, డీఎన్‌ఎస్. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. స్పామ్‌హౌస్ ఉచిత బ్లాక్‌లిస్టుని 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్‌ఎస్ ద్వారా అడిగితే పని చేయదు. 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ రావచ్చు. పోస్ట్‌ఫిక్స్‌లో లిస్టు పేరొక్కటే రాసి వదిలేశారనుకోండి, ఆ ఎర్రర్‌ని కూడా "ఈ అడ్రస్ లిస్టులో ఉంది" అనుకుని మంచి మెయిళ్లని కూడా వెనక్కి కొట్టేస్తుంది! అందుకే సర్వర్‌లోనే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ పెట్టుకోండి. 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకు వచ్చే జవాబుల్నే లెక్కలోకి తీసుకోమని రాయండి.

నాలుగు, ఫిల్టర్‌కి మంచి మెయిళ్లు కూడా నేర్పించండి. స్పామ్‌అసాసిన్‌లో బేయెస్ అనే భాగం, కనీసం 200 స్పామ్‌లు, 200 మంచి మెయిళ్లు నేర్చుకునేదాకా నోరు విప్పదు. మనం చెడ్డవే చూపిస్తాం, మంచివి చూపించం. మీ ఇన్‌వాయిస్‌లు, కొటేషన్లు, కస్టమర్ల తెలుగు మెయిళ్లు కూడా చూపించండి. మీ కంపెనీలో మామూలు మెయిల్ ఎలా ఉంటుందో దానికి తెలియాలి కదా!

సర్వర్ మీ చేతిలో లేకపోయినా ఒక పని చేయొచ్చు. ఈ వీడియో అయిపోగానే ఫోన్‌లో మీ స్పామ్ ఫోల్డర్ తెరవండి. అందులో మంచి మెయిల్ ఉంటే "స్పామ్ కాదు" నొక్కండి. ఇంటర్వ్యూ కాల్ లెటర్ కూడా అక్కడే పడి ఉండొచ్చు, ఎవరికి తెలుసు!

మా సార్ నన్ను తిట్టలేదు. "ఇక నుంచి రోజూ ఆ జంక్ ఫోల్డర్ నువ్వే చూడు" అన్నారు, అంతే. ఆ కంపెనీలో ఉన్నన్నాళ్లూ పొద్దున టీ తాగుతూ చూసేవాణ్ణి. అలవాటు ఇప్పటికీ పోలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో, మనం పంపే మెయిల్ అవతలివాళ్ల స్పామ్‌లో పడకుండా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ చూద్దాం. ఉంటా మరి, బై!