మాస్టర్ సిలిండర్ మార్చారా? గాలి తీయనిదే జీపు రోడ్డెక్కించొద్దు

ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాత మహీంద్రా జీపులు, అంబాసిడర్ కార్లు ఇంకా అక్కడక్కడ తిరుగుతున్నాయి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. కాబట్టి ఈ బండ్లున్న రైతులు ఉన్నదాన్నే బాగుచేసుకుని వాడుకోవాలి. మాస్టర్ సిలిండర్ కొత్తది బిగించగానే బ్రేకు బాగైందనుకోవద్దు. అసలు పని ఆ తర్వాతే ఉంది. అదే గొట్టాల్లో గాలి తీయడం.

గాలి ఉంటే ఏమవుతుంది?

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేకు ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడికి చక్రాల దగ్గరి సిలిండర్లు షూలను డ్రమ్ముకు అదిమి పెడతాయి. ఆయిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. సైకిల్ పంపు మూతికి వేలు అడ్డం పెట్టి కొట్టి చూడండి, తెలుస్తుంది. డీజిల్ లైన్లో గాలి పడితే ఆయిల్ ఇంజన్ బాయి కాడ ఆగిపోతుంది, అంతే. బ్రేకు లైన్లో గాలి పడితే మాత్రం బండి ఆగదు. పైగా చాలా పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ఒక్కటే లైను. అది దెబ్బతింటే నాలుగు బ్రేకులూ పోయినట్టే. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ వస్తూ బరువుతో మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు ఈ సంగతి తెలిస్తే లాభం లేదు.

ముందు చూసుకోవలసినవి

బండిని సాఫు నేల మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. షూలు వదులుంటే ముందే సరిచేయండి. పెడల్‌కు సుమారు అర అంగుళం ఖాళీ ఆట ఉండాలి. అది లేకపోతే ఆయిల్ వెనక్కి రాక బ్రేకులు పట్టేస్తాయి.

మాస్టర్ సిలిండర్ మూత చాలా పాత జీపుల్లో డ్రైవరు కాళ్ల కింద ఉంటుంది. దుమ్ము తుడిచాకే తెరవండి. కొత్త సిలిండర్‌ను బిగించకముందే దానిలో ఆయిల్ పోసి, పిస్టన్‌ను మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉండండి. వదిలేటప్పుడు ఆయిల్ బయటికొచ్చే రంధ్రానికి వేలు అడ్డం పెట్టాలి. బుడగలు ఆగాక బిగించండి. ఈ పని చేయకుంటే తర్వాత ఎంత తొక్కినా గాలి ఒక పట్టాన పోదు.

గాలి తీసే పద్ధతి

ఇది ఇద్దరు చేసే పని. సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగ్ బండ్లకు వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి.

1. చక్రం వెనక ఉన్న నిప్పల్‌కు తెల్లని సన్న ట్యూబు తొడగండి. రెండో కొసను కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచండి.

2. ఒకరు పెడల్ మెల్లగా రెండు మూడుసార్లు తొక్కి, అదిమి పట్టాలి.

3. రెండోవారు పానాతో నిప్పల్ అర చుట్టు వదులు చేయాలి. ఆయిల్‌తోపాటు బుడగలు వస్తాయి. పెడల్ కిందికి దిగిపోతుంది.

4. నిప్పల్ బిగించాకే "వదులు" అని చెప్పాలి. ముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

5. బుడగలు రావడం పూర్తిగా ఆగేదాకా ఇట్లనే చేయాలి.

ఐదారుసార్లు తొక్కగానే మూత తీసి ఆయిల్ చూడండి. అది అడుగంటితే చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఆయిల్ సంగతి

సీల్ ఉన్న డబ్బాలోని బ్రేకు ఆయిలే పోయాలి. ఇంజన్ ఆయిల్, డీజిల్ తగిలితే లోపలి రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయి. మామూలుగా వాడే బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టిందంటే 140 దగ్గరే మరగొచ్చు. ఘాట్‌లో డ్రమ్ములు కాలి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ తేలిపోతుంది. అందుకే సీసాలో పడిన ఆయిల్ మళ్లీ పోయొద్దు. రెండేళ్లకోసారి మొత్తం మార్చండి. రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

బాగైందా లేదా?

పెడల్ రాయిలా గట్టిగా ఆగితే బాగైనట్టు. స్పంజిలా మెత్తగా ఉంటే ఇంకా గాలి ఉంది. రెండోసారి తొక్కితేనే పైకొస్తే షూలు సరిచేయాలి. నిమిషంసేపు అదిమి పట్టినప్పుడు మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా సిలిండర్ లోపలి వాషర్ పట్టడం లేదు. అప్పుడు మెకానిక్‌కు చూపించాల్సిందే.

మొదట ఖాళీ బండితో, ఊరి బయట సాఫు దారిలో, నిదానంగా నడిపి ఆపి చూడండి. మర్నాడు పొద్దున మళ్లీ ఒకసారి పెడల్ తొక్కి, చక్రాల లోపలివైపు తడి ఉందేమో చూసి, ఆ తర్వాతే బస్తాలు ఎత్తండి. రాడ్ల బ్రేకులున్న ట్రాక్టర్లకు ఈ గాలి తీసే పని అవసరం లేదు.