కార్డు ఉన్నా బిల్లు ఎందుకు?

వల్లూరు వంటి పావగడ తాలూకా ఊళ్లలో ఇంట్లో మాట తెలుగైనా రేషన్ కార్డు కర్ణాటకది. జబ్బు చేస్తే హిందూపురానికో అనంతపురానికో బస్సెక్కుతారు. చిక్కు అక్కడే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఆంధ్ర కుటుంబాలది. మీకున్నది 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక. అందులో బి.పి.ఎల్. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం. ఎ.పి.ఎల్. వారికి మాత్రం ప్యాకేజీ ధరలో 30 శాతమే, అదీ లక్షన్నర లోపు. ఈ సంగతి చాలామందికి డిశ్చార్జి నాడే తెలుస్తుంది. అప్పటికి శెనక్కాయల పంట మీద అప్పు తెచ్చేసి ఉంటారు.

అత్యవసరం కాని పెద్ద చికిత్సకైతే ముందు సర్కారు ఆసుపత్రిలో రెఫరల్ చీటీ రాయించుకోవాలి. నేరుగా ప్రైవేటులో చేరితే బిల్లు మీదే పడుతుంది.

సొంత డబ్బుతో కొన్న పాలసీ అయితే దారి వేరు. క్లెయిము తోసిపుచ్చారా, కారణం కాగితం మీద అడగండి; కంపెనీకి ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చింది సబబుగా లేకున్నా, ఏడాదిలోగా బెంగళూరులోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఇంకొక మాట. ఐదేళ్లు ఎడతెగక ప్రీమియం కట్టినవారి క్లెయిమును, 2024 నిబంధనల ప్రకారం, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు దాచారని కాదనకూడదు. ఆ రసీదులు పారేయకండి.