మీరాలం చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్: గీత ఒడ్డున పడుతుందా, నీళ్లలో పడుతుందా?

ఫజర్ నమాజు అయ్యాక కాస్త నడుద్దామంటే పాతబస్తీలో జాగా దొరకడం కష్టం. బహదూర్‌పురా, తాడ్‌బన్, హసన్‌నగర్, కిషన్‌బాగ్ వైపు ఇళ్లకు దగ్గర్లోనే మీరాలం లాంటి పెద్ద చెరువు ఉన్నా, దాని పక్కన పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని హాయిగా నడిచే దారి మాత్రం అంతంతే. అందుకే చెరువు సుందరీకరణ, వాకింగ్ ట్రాక్, పిల్లల పార్కు అన్న మాట వచ్చినప్పుడల్లా బస్తీల్లో సంతోషపడేవాళ్లే ఎక్కువ. అయితే ట్రాక్ ఎంత పొడవు, లైట్లు ఎన్ని అన్నది తర్వాత సంగతి. ముందు చూడాల్సింది మ్యాపు మీద ఆ ట్రాక్ గీత ఎక్కడ గీశారన్నది.

మీరాలం మామూలు చెరువు కాదు. నిజాం కాలంలో దివాన్‌గా ఉన్న మీర్ ఆలం పేరు మీద 1804లో పనులు మొదలై 1806లో పూర్తయింది. దాని కట్ట తిన్నగా ఉండదు. అర్ధచంద్రాకారంలో 21 కమానులు పక్కపక్కనే పేర్చినట్టు ఉంటుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరానికి తాగునీళ్లు ఇచ్చిన చెరువు ఇది. కట్ట కింద జూ పార్కు, ఇంకోవైపు బెంగళూరు హైవే ఉన్నాయి. చింతల్‌మెట్ వైపు నుంచి హైవేకి చెరువు మీదుగా కేబుల్ బ్రిడ్జి కట్టే ప్రతిపాదన కూడా ఉంది. జూ ఉన్న వైపు జనాన్ని ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు కాబట్టి, చెరువు చుట్టూ పూర్తి రౌండ్ ట్రాక్ అని ఎవరైనా చెబితే ఆ ముక్క దగ్గర ఏం చేస్తారో అడగాల్సిందే.

ఇక గీత సంగతి. ప్రతి చెరువుకీ ఎఫ్‌టీఎల్ అని ఒక హద్దు ఉంటుంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో అదే ఎఫ్‌టీఎల్. ఎండాకాలంలో ఆ జాగాలో చాలా భాగం పొడి నేలగానే కనిపిస్తుంది, పిల్లలు క్రికెట్ కూడా ఆడుకుంటారు. అయినా అది చెరువే. దానికి బయట వదలాల్సిన జాగాను బఫర్ జోన్ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. ఇళ్లు కట్టకూడని ఆ జాగాలో పచ్చదనం పెంచవచ్చు. పెద్ద చెరువుల దగ్గర వీలున్నచోట కనీసం 12 మీటర్ల వెడల్పున రోడ్డు గానీ నడక దారి గానీ వేసుకోవచ్చని కూడా అదే జీవోలో ఉంది. అంటే నడక దారికి చట్టంలోనే చోటు ఉంది, కాకపోతే ఆ చోటు నిండు మట్టానికి బయట ఉంది.

గోల వచ్చేది ఇక్కడే. బఫర్‌లో అప్పటికే ఇళ్లు, షెడ్లు, ఫంక్షన్ హాళ్లు ఉంటాయి. వాటిని ముట్టుకుంటే గొడవ. దాంతో కాంట్రాక్టరుకీ ఆఫీసుకీ సులువైన దారి ఒకటే కనిపిస్తుంది: లోపలికి జరిగి, చెరువులో కొంత మట్టి పోసి, దాని మీద ట్రాక్ వేయడం. ఫోటోల్లో బాగానే ఉంటుంది. కానీ ఆ మట్టి ఎంత జాగా తింటే చెరువు అన్ని నీళ్లు తక్కువ పడుతుంది. పైగా ట్రాకే కొత్త ఒడ్డులా కనిపించడంతో, దాని వెనక మిగిలిన చెరువు నేలను కొన్నాళ్లకు ప్లాట్లు అనడం మొదలవుతుంది.

మీరాలానికి దగ్గర్లోనే, శివరాంపల్లిలోని బమ్ రుక్న్‌ఉద్‌దౌలా చెరువు కథ చూస్తే కబ్జా లెక్క తెలుస్తుంది. ఒకప్పుడు వంద ఎకరాలు దాటిన చెరువు అది. ఆక్రమణలతో కుంచించుకుపోయాక హైడ్రా తొలి విడతలో బాగు చేయడానికి తీసుకున్న ఆరు చెరువుల్లో దాన్నీ చేర్చింది. తిరిగి తెచ్చిన విస్తీర్ణం సుమారు 17 ఎకరాలు. వంద ఎకరాలంటే 40 హెక్టార్లు, 17 ఎకరాలంటే 7 హెక్టార్లలోపు. జీవో లెక్కలో మొదటిదానికి 30 మీటర్ల బఫర్ వస్తుంది, రెండోదానికి 9 మీటర్లే. చెరువు చిక్కితే దాన్ని కాపాడే హద్దు కూడా చిక్కుతుందన్నమాట. కబ్జా చేసినవాడికి డబుల్ ఫాయిదా!

ఇదంతా కాగితాల గొడవే కదా అనుకునేవాళ్లు 2020 అక్టోబరును గుర్తు తెచ్చుకోవాలి. ఆ నెల 13 రాత్రి కురిసిన వానకు పల్లె చెరువు పొంగి ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ నీళ్లలో మునిగింది. నాలుగు రోజులు తిరక్కుండానే బాలాపూర్ గుర్రం చెరువు తెగి హాఫిజ్‌బాబానగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మీరాలం పొంగి జూలోని సఫారీ వైపు నీళ్లు చేరి, దాన్ని మూసేసిన సందర్భాలూ ఉన్నాయి.

అందుకే ప్లాన్‌లో ట్రాక్ నాలాను ఎక్కడ దాటుతుందో, మత్తడిని ఎక్కడ దాటుతుందో వేలు పెట్టి చూడాలి. చెరువులోకి వాన నీళ్లు తెచ్చే నాలా మీద రెండు సిమెంటు పైపులు వేసి పైన మట్టి కప్పేస్తే ఖర్చు తగ్గుతుంది. మొదటి పెద్ద వానకే ఆ పైపులు ప్లాస్టిక్ చెత్తతో పూడుకుపోతాయి, నీళ్లు బస్తీ మీద పడతాయి. నాలా పూర్తి వెడల్పున చిన్న వంతెన కట్టి, ట్రాక్‌ను ఎత్తున తీసుకెళ్లడమే సరైన పద్ధతి. మత్తడి దగ్గరా అంతే. నిండిన చెరువు తన ఎక్కువ నీళ్లు వదిలే దారి అది, దానికి అడ్డంగా గోడ గానీ ఫుడ్ స్టాల్ గానీ రాకూడదు.

మురుగు సంగతి వేరే చెప్పక్కర్లేదు. డ్రైనేజీ నీళ్లు చెరువులోకి వస్తున్నంతకాలం గుర్రపు డెక్క పెరుగుతుంది, దోమలూ పెరుగుతాయి. ముక్కు మూసుకుని ఎవరూ వాకింగ్ చేయరు. కాబట్టి మురుగు మళ్లింపు గానీ శుద్ధి ప్లాంటు గానీ ముందు, టైల్స్ తర్వాత.

నడక దారి ఎలా ఉండాలన్న దాంట్లో ఇంట్లో ఆడవాళ్ల మాట వినడం మంచిది. చాలా పార్కుల్లో ట్రాక్ పక్కన ఎత్తైన గోడ కట్టేసి సేఫ్టీ అంటారు. నిజానికి బయటి రోడ్డు మీద వెళ్లేవాళ్లకు లోపల ఎవరున్నారో కనిపించే జాలీ ఉన్నచోటే ఆడవాళ్లకు ధైర్యం. మగ్రిబ్ తర్వాత లైట్లు వెలగాలి, అదీ దారి మీద పడేలా. నీళ్ల మీద పడితే పక్షులకు ఇబ్బంది. కొద్ది దూరానికో బెంచీ, నీళ్లు వచ్చే టాయిలెట్, వుజూకి పనికొచ్చే ఒక నల్లా ఉంటే పెద్దవాళ్లు కూడా వస్తారు. వీల్‌చైర్ ఎక్కాల్సిన చోట 12 అడుగుల పొడవుకి ఒక అడుగు మించి ఎత్తు ఉండకూడదు. మెట్లు కట్టేసి పక్కన నిటారుగా సిమెంటు పోస్తే దాన్ని ర్యాంప్ అనలేం. గట్టి కాంక్రీటు మీద రోజూ నడిస్తే మోకాళ్లకు కష్టం. గట్టిపరిచిన మట్టి దారి మెత్తగానూ ఉంటుంది, వాన నీటిని కొంత ఇంకనిస్తుంది కూడా.

ఇవన్నీ అడగడానికి టైం ఉంటుంది. చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుకి ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు, తర్వాతే తుది నోటిఫికేషన్ వస్తుంది. మ్యాపులు హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో పెడతారు. తమ ఇంటి హద్దు తప్పుగా పడిందనుకునేవాళ్లు కూడా పట్టా, రిజిస్ట్రేషన్ కాగితాలతో మాట్లాడాల్సింది అప్పుడే, బుల్‌డోజర్ వచ్చాక కాదు. టెండరు పిలిచాక గీత జరపడం ఇంకా కష్టం. ప్రాజెక్టు రిపోర్టు, ఎస్టిమేట్ కాపీ కావాలంటే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాపీలకు పేజీల లెక్కన డబ్బు వేరే కట్టాలి.

ఆ ఎస్టిమేట్ చేతికి వస్తే మొదటి పేజీలోని కోట్ల మొత్తం దగ్గరే ఆగిపోవద్దు. నిర్వహణ అన్న పద్దు వెతకాలి. వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు, గుర్రపు డెక్క తీసే కూలీ, టాయిలెట్ శుభ్రం చేసే మనిషి, ఇవన్నీ ప్రతి నెలా వచ్చే ఖర్చులు. కట్టే ఖర్చు ఒక్కసారే. ఆ నెలవారీ డబ్బు ఏ శాఖ ఇస్తుందో, ఎన్నేళ్ల వరకో అందులో రాసి లేకపోతే ఓపెనింగ్‌కి ముందే లిఖితపూర్వకంగా అడగాలి.