యాస మార్చుకోని గొంతు

ఇంగ్లీషు పాప్ పాట అనగానే మన పెద్దవాళ్లలో చాలామంది మొహం చిట్లిస్తారు. డ్రమ్ముల మోత, అరుపులు తప్ప అందులో ఏముందంటారు. అలాంటివారికి కూడా ధైర్యంగా వినిపించదగ్గ తొలి ఆల్బమ్ ఒకటుంది. ఐర్లండుకు చెందిన ‘ద క్రాన్‌బెరీస్’ బృందం 1993 మార్చిలో విడుదల చేసిన ‘ఎవ్రీబడీ ఎల్స్ ఈజ్ డూయింగ్ ఇట్, సో వై కాంట్ వీ?’. అందరూ చేస్తున్నారు కదా, మనమెందుకు చేయకూడదు అని ఆ పేరుకు అర్థం. పేరులోనే కొత్తవాళ్ల జంకూ, తెగింపూ రెండూ ఉన్నాయి.

లిమరిక్ పట్టణంలో 1989లో నోయెల్ హోగన్, మైక్ హోగన్ అనే అన్నదమ్ములు, డ్రమ్ములు వాయించే ఫెర్గల్ లాలర్ కలిసి ఈ బృందం ప్రారంభించారు. మొదట ఉన్న గాయకుడు వెళ్లిపోగా 1990లో డొలొరెస్ ఓ రియోర్డన్ వచ్చి చేరింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. నోయెల్ తన గిటారు వరుసలు రికార్డు చేసిన టేపు చేతికిస్తే, కొద్దిరోజుల్లోనే దానికి మాటలు కట్టి తెచ్చింది. అదే ‘లింగర్’.

ఈ ఆల్బమ్‌లో పాటలు 12. అన్నీ కలిపి సుమారు 40 నిమిషాలు. గిటారు తీగలను ఒక్కొక్కటిగా మీటుతూ, ఆ నాదం కాస్త ప్రతిధ్వనించేలా రికార్డు చేశారు. డొలొరెస్ గొంతునే రెండుమూడు పొరలుగా ఒకదానిమీద ఒకటి పేర్చారు. అందుకే వింటుంటే సగం నిద్రలో ఎక్కడినుంచో వినబడుతున్నట్టుంటుంది. ‘డ్రీమ్స్’ పాటలో మాటలు ఆగిపోయి గొంతు ఒక్కటే సాగే చోటు వస్తుంది. మన ఆలాపన ఎరిగిన చెవికి అది పరాయిదిగా తోచదు.

మా బ్యాంకువాళ్లకు తొలి ఏడాది లెక్కలు చూసి సంస్థను అంచనా వేయడం అలవాటు. ఆ లెక్కన ఈ బృందానికి ఎవరూ అప్పు ఇచ్చి ఉండరు. బ్రిటన్‌లో మొదట ఈ ఆల్బమ్‌ను పెద్దగా పట్టించుకున్నవారు లేరు. ఆ ఏడాదే వాళ్లు అమెరికా వెళ్లి ‘స్వేడ్’ అనే బృందానికి ముందు పాడారు. ఎమ్‌టీవీ ‘లింగర్’ను పదే పదే చూపించింది. దాంతో దశ తిరిగింది. 1994 జూన్‌లో బ్రిటన్‌లోనూ ఆల్బమ్ మొదటిస్థానానికి చేరింది. అమెరికాలోనే 50 లక్షల ప్రతుల గుర్తింపు పొందింది. హాంకాంగ్‌లో ఫే వాంగ్ ‘డ్రీమ్స్’ను కాంటనీస్ భాషలో పాడగా 1994లో ‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’ సినిమాలో వినిపించారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి వేరే ఉంది. ఐరిష్‌వారి సొంతభాష గేలిక్. శతాబ్దాల ఆంగ్లేయుల పాలన తర్వాత అక్కడ ఎక్కువమందికి ఇంగ్లీషే ఇంటిభాష అయింది. డొలొరెస్ పాడిందీ ఇంగ్లీషులోనే. కాని లిమరిక్ యాసను దాచుకోలేదు. లండన్‌వాళ్లలాగానో, అమెరికావాళ్లలాగానో పలకడానికి ప్రయత్నించలేదు.

ఇది మనకు పట్టని విషయం కాదు. తరాలుగా బెంగళూరులో, హోసూరులో, బరంపురంలో ఉన్నవాళ్లం. మన తెలుగులో కన్నడమో, తమిళమో, ఒడియానో కలవక తప్పదు. విజయవాడలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు మా అమ్మాయి మాట విని చుట్టాల పిల్లలు నవ్వారు. వాళ్లకు చెడు ఉద్దేశం లేదు. కాని అప్పటినుంచీ అది వాళ్లతో ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది. యాసకు సిగ్గుపడితే చివరికి భాషే పోతుంది. దానికి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఈ పాటలు వినిపించి, ఆ గొంతు ఏ ఊరిదో చెప్పానంతే. “ఇంకొకటి పెట్టు నాన్నా” అంది.

డొలొరెస్ 2018 జనవరి 15న లండన్‌లో మరణించింది. వయసు 46 ఏళ్లే. మిగిలిన ముగ్గురూ ఆమె పాడి ఉంచిన పాటలతో 2019లో చివరి ఆల్బమ్ తెచ్చి, బృందానికి ముగింపు పలికారు.

వినదలచినవారు ‘లింగర్’తో మొదలుపెట్టండి, తర్వాత ‘డ్రీమ్స్’. మాటలు వెంటనే అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి.